స్కాన్‌కి ముందు అడిగేవాళ్లున్నారా?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో నాలుగడుగులేస్తే ఓ స్కానింగ్ సెంటర్. బోర్డుల మీద అంకెల పోటీ: 1.5 టెస్లా, 3 టెస్లా, 32 స్లైస్, 128 స్లైస్. ఆ అంకెలు అబద్ధం కాకపోవచ్చు. టెస్లా అయస్కాంతం బలం. స్లైస్ అంటే సీటీ మిషన్ ఒక్క చుట్టులో ఎన్ని పొరల బొమ్మ తీయగలదన్న లెక్క. తీసేవాళ్ల జాగ్రత్తకీ, చదివేవాళ్ల ఓపికకీ మాత్రం బోర్డు మీద అంకె ఉండదు. పేషెంటుకు కావాల్సింది ఆ రెండూ.

ఎమ్మారై గది బయట ప్రశ్నలు ఎలా అడుగుతున్నారో చూడండి, సెంటర్ సంగతి సగం తెలిసిపోతుంది. "నగలు తీసేయండి" అంటే మనవాళ్లు గాజులు, గొలుసు తీసి పక్కవాళ్ల చేతిలో పెడతారు. జాకెట్టుకున్న పిన్నీసు, జడలోని పిన్నులు, మొలతాడుకు కట్టిన తాయెత్తు నగల లెక్కలోకి రావు. అందుకే పని తెలిసిన టెక్నీషియన్ అంతటితో వదలడు. "అమ్మా, చీరకి పిన్నీసులున్నాయా? గుండెకి పేస్‌మేకర్ ఏమైనా పెట్టారా? చెవికి ఆపరేషన్ అయిందా?" అని ఒక్కొక్కటీ అడుగుతాడు. తోడుగా వచ్చినవాళ్లనీ వదలడు.

ఆ చాదస్తానికి కారణం ఉంది. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. పైగా దానికి సెలవు లేదు. ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల చలిలో మునిగిన తీగచుట్టల్లో కరెంటు తిరుగుతూనే ఉంటుంది. స్కాన్ అయిపోయినా, రాత్రి తాళం వేసుకుని వెళ్లినా అది లాగుతూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో, బంధువుకి తోడుగా వచ్చిన 32 ఏళ్ల యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎమ్మారై గదిలోకి వెళ్లాడు. మిషన్ సిలిండర్‌తో పాటు అతన్నీ లాక్కుంది. ప్రాణం దక్కలేదు. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో స్కాన్ చేయించుకుంటున్న ఆరేళ్ల పిల్లాడిని బలిగొన్నదీ ఆక్సిజన్ సిలిండరే. రెండుచోట్లా మిషన్ దాని పని అది చేసింది. సిలిండర్‌ని గుమ్మంలో ఆపినవాళ్లే లేరు.

సీటీది వేరే చిక్కు. లాగేదీ లేదు, నొప్పీ లేదు. ఛాతీ ఎక్స్‌రేకి ఒంటికి తగిలే రేడియేషన్ మిల్లీసీవర్టులో పదో వంతు, తరచు అంతకన్నా తక్కువే. కడుపు సీటీకి అది 8 నుంచి 10 మిల్లీసీవర్టుల దాకా ఉంటుంది. ప్రకృతి నుంచి ఏడాది పొడవునా మనకు అందేది ప్రపంచ సగటున 2.4. అవసరమైన సీటీకి భయపడక్కర్లేదు, మానేస్తేనే ముప్పు. పేచీ డోసు దగ్గర. అది పెంచితే బొమ్మ నున్నగా వస్తుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్ సైనాయ్ ఆసుపత్రిలో మెదడు సీటీ సెట్టింగు తప్పి, 200 మందికి పైగా ఎనిమిది రెట్ల రేడియేషన్ తగిలింది. ఏడాదిన్నర ఎవరూ పసిగట్టలేదు. 2009లో ఒక పేషెంటు జుట్టు ఊడుతోందని చెబితే అప్పుడు డొంక కదిలింది. అంత పెద్ద ఆసుపత్రిలోనే ఆ గతి అయితే, ఐదేళ్ల పిల్లాడికి పెద్దల సెట్టింగుతోనే సీటీ తీసేసే సెంటర్‌ని పట్టుకునేదెవరు?

ఎక్స్‌రేకి, సీటీకి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. సిబ్బంది తమకు తగిలే రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకోవాలి. ఆ డోసు ఏడాదికి 30 మిల్లీసీవర్టులు దాటకూడదు, ఐదేళ్ల సగటు 20 మించకూడదు. బ్యాడ్జిని కొక్కేనికి తగిలించి లోపల పనిచేసుకుంటే కాగితం మీద అందరూ క్షేమమే. సీసపు ఏప్రన్‌ని వేలాడదీయాలి, మడిస్తే లోపల పగుళ్లు వస్తాయి. గోడకున్న లైసెన్సు కన్నా, కుర్చీలో మడిచి పడేసిన ఏప్రన్ సాక్ష్యాన్నే నేను నమ్ముతాను. ఇక ఎమ్మారై, అల్ట్రాసౌండ్‌లలో ఆ రకం రేడియేషన్ లేదు కాబట్టి అణుశక్తి మండలికి వాటితో పని లేదు. అల్ట్రాసౌండ్‌ని పట్టుకుంది 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం. అది కాపాడేది కడుపులోని ఆడపిల్లని, రిపోర్టు నాణ్యతని కాదు. నాణ్యతకిచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉంది కానీ, అది కోరి తెచ్చుకునేది.

మందు ఎక్కించి తీసే సీటీ అయితే ఇంకొన్ని ప్రశ్నలు: క్రియాటినిన్ ఎంత, ఇదివరకు ఈ ఇంజెక్షన్‌కి దద్దుర్లు వచ్చాయా, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా. సంతకం పెట్టించుకోవడం అడగడం కిందికి రాదు.

రిపోర్టు సంగతి. రాత్రి తీసిన స్కాన్‌ని ఇంకో ఊళ్లో కూర్చున్న రేడియాలజిస్టు చదవడం ఇప్పుడు మామూలే, అందులో తప్పేమీ లేదు. అతనికి పాత ఫిల్ములు పంపారా, డాక్టరు అనుమానం ఏమిటో రాశారా అన్నదే చూడాలి. "కడుపునొప్పి" అని ఒక్క మాట రాసి పంపితే ఎవరైనా ఏం వెతుకుతారు? పేషెంటుని పంపినందుకు ఇచ్చే కమిషన్లు 2002 నాటి వైద్య నియమావళి ప్రకారమే నిషిద్ధం. అయినా స్కాన్ రాసిన డాక్టరుకు కవరు అందించడానికి దొరికే తీరిక, మెదడులో రక్తం కనిపించినప్పుడు అదే డాక్టరుకు ఫోన్ చేయడానికి కొన్నిచోట్ల దొరకదు. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా అప్పటికప్పుడు ఫోన్ చేసి, ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడిందీ రిపోర్టులోనే రాసే రేడియాలజిస్టులూ ఉన్నారు. మీ రిపోర్టు అడుగున ఉండేది వాళ్ల సంతకమే అయితే, బోర్డు మీద ఎన్ని స్లైసులున్నాయో లెక్కపెట్టక్కర్లేదు.