మల్బరీ తోటలో నేలకు కప్పు: ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు



ఎండలు చూస్తున్నారు కదా. పొద్దున పదింటికి తోటలోకి పోతే సాళ్ల మధ్య నేల కాలు పెట్టలేనంత కాలుతోంది. మా కోలారు, చిక్కబళ్లాపురం వైపు జీవనది అంటూ ఒక్కటీ లేదు. ఉన్నదంతా బోరే. 1000 అడుగులు దాటి దించినా కొన్ని బోర్లలో వచ్చేది ఒకటిన్నర ఇంచు నీళ్లు, అదీ కరెంటు ఉన్నంతసేపే. అంత కష్టపడి తోడిన నీళ్లు ఒట్టి నేల మీద పారిస్తే చాలా వరకు ఎండే తాగేస్తుంది. అందుకే నేలను కప్పమని అందరూ చెప్తారు. మల్చింగ్ అంటారు, మనం కప్పు అందాం.

నేనూ కప్పమనే చెప్తాను. కానీ మల్బరీ తోట మామిడి తోట లాంటిది కాదు, టొమాటో మడి లాంటిదీ కాదు. ఇక్కడ నేల మీద ఏం వేస్తే అది ఏదో ఒక రోజు పురుగు నోటి దాకా వస్తుంది. ఈ సంగతి నేను ఒక పంట పోగొట్టుకుని తెలుసుకున్నాను.

ముందు కప్పు వల్ల లాభం ఏమిటో చూద్దాం. నీళ్ల సంగతి మీకు తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. మా ఎర్రనేలలో వేసవిలో ఐదు రోజులకు ఒకసారి తడి ఇవ్వాల్సి వచ్చేది. మూడు అంగుళాల మందాన కప్పు వేసిన సాళ్లలో ఎనిమిదో రోజు దాకా ఆగింది. కప్పు తీసి వేలు గుచ్చితే చెమ్మ తగులుతుంది. పక్కన ఒట్టి నేలలో గోరు కూడా దిగదు. నేలలో చెమ్మ ఉంటేనే ఆకులో చెమ్మ. చాకి పురుగుకు వేసే ఆకులో నూటికి 80 పాళ్లు నీరు ఉండాలని, పెద్ద పురుగుకు 70 పాళ్లయినా ఉండాలని ట్రైనింగులో మీరు వినే ఉంటారు. పురుగు విడిగా నీళ్లు తాగదు, ఆకులో ఉన్నదే దానికి నీరు. ఆకు వాడితే మేత తగ్గుతుంది, గూడు తేలికవుతుంది. ఆ నష్టం మార్కెట్లో తక్కెడ దగ్గర బయటపడుతుంది.

ఇంకో లాభం ఉంది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. వాన చినుకు ఒట్టి నేల మీద గట్టిగా పడితే మట్టి ఎగిరి కింది ఆకులకు అంటుకుంటుంది. మట్టి పట్టిన ఆకు వేస్తే పురుగుకు కడుపు చెడుతుంది, సప్పె రోగానికి దారి దొరుకుతుంది. నేల కప్పి ఉంటే చినుకు కప్పు మీద పడి ఇంకిపోతుంది, ఆకు శుభ్రంగా ఉంటుంది. ఈ చినుకు మాట గుర్తు పెట్టుకోండి. నేను చేసిన తప్పు కూడా దీంట్లోనే ఉంది.

నాలుగేళ్ల కింద 150 గుడ్ల పంట దించాను. గూళ్లు బాగానే వచ్చాయి. పురుగుల ఇల్లు ఖాళీ చేస్తే పుల్లలు, తినగా మిగిలిన ఆకు, పెంటికలు అన్నీ కలిసి ట్రాక్టర్ ట్రాలీ నిండా అయ్యాయి. ఇంత మంచి ఎరువును తిప్పలో పారేయడం ఎందుకు, నేరుగా సాళ్ల మధ్య పరిస్తే కప్పూ అవుతుంది, ఎరువూ అవుతుంది అనుకున్నాను. "అది పురుగుల ఇంట్లోంచి ఊడ్చిన చెత్త. మళ్లీ ఆకు దగ్గరికే ఎందుకు తీసుకుపోతావు?" అని మా ఆవిడ అంది. నేను వినలేదు. ఒక్క రోజులో రెండు పనులు తీరాయని సంతోషపడ్డాను కూడా.

ఆ తర్వాతి పంటకు వానలు పట్టుకున్నాయి. నాలుగో జ్వరం లేచేదాకా ఏమీ తెలియలేదు. లేచిన నాలుగో రోజు పొద్దున చూస్తే పురుగులు మేత మీద నిలవకుండా పడక అంచుల వెంట తిరుగుతున్నాయి. కణుపులు ఉబ్బి, ఒళ్లు పసుపు తిరిగి, ముట్టుకుంటే చర్మం చిట్లి పాల లాంటి నీరు కారుతోంది. పాల రోగం. 100 కేజీల మీద లెక్క వేసుకున్న పంటలో చేతికి వచ్చింది 28 కేజీలు. కూలీలకు, సున్నానికి కూడా సరిపోలేదు.

మొదట చాకి ఇచ్చిన చోటునే తిట్టుకున్నాను. కానీ అదే చాకి, అదే రోజు తెచ్చుకున్న పక్క తోట ఆయనకు 100 గుడ్లకు 75 కేజీలు దాటింది. మా రేష్మె ఇలాఖా సారు వచ్చి పడకలు చూశాడు. ఏ మందు వేశావని అడగలేదు. "పోయిన పంట చెత్త ఎక్కడ వేశావు?" అని అడిగాడు. తోట వైపు చెయ్యి చూపించాను.

పోయిన పంట బాగానే వచ్చింది కదా, చెత్తలోకి రోగం ఎక్కడి నుంచి వచ్చిందని మీకు అనిపించొచ్చు. నేనూ అదే అడిగాను. ఎంత మంచి పంటలో అయినా కొన్ని పురుగులు చస్తూనే ఉంటాయి. మనం చూసేవి కొన్ని, చూడకుండా చెత్త కింద ఉండిపోయేవి ఎక్కువ. పాల రోగంతో చచ్చిన ఒక్క పురుగు ఒంట్లోనే లెక్కపెట్టలేనన్ని రోగ కణాలు ఉంటాయి. ఎండ తగలకుండా మట్టిలో, చెత్త అడుగున అవి చాలా కాలం చావకుండా ఉంటాయి. సున్నపుకట్టు తెచ్చే బూజుకైతే చెమ్మ, చల్లదనం ఇష్టం, కప్పు కింద దొరికేవి సరిగ్గా ఆ రెండే. వాన చినుకు పడి ఎగిరినప్పుడు మట్టి బదులు ఈ చెత్త తునకలు కింది ఆకులకు అంటుకున్నాయి. వాన లేనప్పుడు ఎండిన పెంటికల పొడి గాలికి లేచి పడింది. ఆ ఆకు కోసి, మోసుకొచ్చి, నా చేత్తో నేనే పురుగులకు వేశాను.

ఊజీ ఈగ సంగతి ఇంకోటి. 1980లో బెంగాల్ వైపు నుంచి కర్ణాటకకు వచ్చి, ఇప్పటికీ మనల్ని వదలని ఈగ ఇది. దీని పిల్ల పురుగు పట్టుపురుగు ఒంట్లోంచి బయటికి వచ్చి మట్టిలోనో, పగుళ్లలోనో, చెత్తలోనో దూరి కోశంగా మారుతుంది. పచ్చి చెత్తను తోటలో పరిస్తే వాటికి మెత్తటి పడక వేసినట్టే. పురుగుల ఇంటికి వల కట్టి, తోటలో వాటిని సాకితే ఏం లాభం?

కాబట్టి పురుగుల ఇంటి చెత్త ఏదైనా, పుల్లలైనా సరే, పచ్చిగా తోటలోకి పోకూడదు. ముందు కుళ్లబెట్టాలి. చచ్చిన పురుగులు, రోగం పురుగులు అయితే చెత్తలోకి కూడా పోకూడదు. వాటిని రోజూ ఏరి, 2 శాతం బ్లీచింగ్ పౌడర్, కొంచెం సున్నం కలిపిన నీళ్లలో వేసి, తర్వాత దూరంగా లోతుగా పూడ్చాలి.

మిగిలిన చెత్తకు మేము రెండు గుంతలు తీశాం. ఒక్కోటి 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు. పురుగుల ఇంటికి దూరంగా, గాలి ఇంటి వైపు రాని దిక్కున ఉండాలి. పుల్లలను చాఫ్ కట్టర్లో రెండు మూడు అంగుళాల ముక్కలు చేయకపోతే ఏడాదైనా కుళ్లవు. జానెడు మందం చెత్త, దాని మీద పేడ నీళ్లు, పలచగా మట్టి, మళ్లీ చెత్త. పిడికిలితో పిండితే తడి తెలియాలి గానీ నీళ్లు కారకూడదు. పైన మట్టి మెత్తితే లోపల వేడి పుడుతుంది. వారం తర్వాత ఒక ఇనుప కడ్డీ గుచ్చి కాసేపు ఆగి బయటికి తీసి పట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే పని సరిగ్గా జరుగుతోంది. రోగాన్ని తగ్గించేది ఆ వేడే. నెలకొకసారి తిరగేసి అంచుల్లో ఉన్నది మధ్యలోకి వేయాలి, ఎందుకంటే అంచుల్లో వేడి పుట్టదు. నాలుగు నెలలకు మట్టి వాసన వస్తుంది. వానపాముల ఎరువు చేసేవాళ్లు కూడా చెత్తకు ముందు ఈ వేడి పట్టనిచ్చి, చల్లారాకే పాములను వదలండి. పాములు ఉన్న తొట్టిలో వేడి పుట్టదు, పుడితే అవి బతకవు.

మరి కప్పుకు ఏం వేయాలి? తోటలోనే పుట్టి, పురుగుల ఇంటి గడప తొక్కనిది ఏదైనా మంచిదే. కొమ్మలు కత్తిరించినప్పుడు రాలే ముదురు ఆకు, సన్న పుల్లలు, పూత రాకముందు పెరికిన కలుపు. కాంగ్రెస్ గిడను మాత్రం పూత కనిపించాక తోటలోకి తేకండి, విత్తనం పడితే దాన్ని వదిలించుకోలేరు. గట్ల మీద కానుగ, గ్లిరిసిడియా ఉంటే ఆకు కోసి పరవచ్చు. కొబ్బరి మట్టలు, వేరుశనగ పొట్టు, హోసూరు వైపు చెరుకు ఉన్నవాళ్లకు చెరుకు ఆకు. రాగి గడ్డి కూడా మంచిదే గానీ అది ఆవు నోట్లోంచి లాక్కుని వేయలేం కదా.

బయటి నుంచి తెచ్చేదైతే ఒక్క ప్రశ్న అడగండి, దాని మీద ఏ మందు కొట్టారు అని. టొమాటో తోట తీసేసినవాళ్లు తీగలు ఊరికే ఇస్తామంటారు. టొమాటోకు ఎన్నిసార్లు మందు కొడతారో మనకు తెలుసు. అదీ కాక దాని వేర్ల బుడిపెల్లో ఉండే నులిపురుగే మల్బరీ వేరుకూ పడుతుంది. పూల తోటల చెత్త, మామిడి తోట ఆకు కూడా మందు పడిందో లేదో తెలియకుండా తేవద్దు. పట్టుపురుగు కూడా పురుగే. పురుగును చంపే మందు దానికి మినహాయింపు ఇవ్వదు.

వేసే కప్పు కన్నా పెంచే కప్పు నాకు ఎక్కువ నచ్చింది, మోత ఖర్చు లేదు కాబట్టి. మాది వి-1 తోట, 5 అడుగులు, 3 అడుగులు మార్చి మార్చి వేసిన జంట సాళ్లు. ఆ 5 అడుగుల సందులో ఆకు కోసిన వారంలోపే విత్తనం చల్లుతాను. అప్పుడు మోడులే ఉంటాయి కాబట్టి ఎండ నేలకు బాగా దిగుతుంది. వానలకు ఉలవలు, తడి బాగా ఉంటే జీలుగ లేదా జనుము. 40, 45 రోజులకు మొగ్గ కనిపించగానే కోసి అక్కడే పడేస్తాను. ఆ పాటికి మల్బరీ ఎదిగి నీడ కమ్ముతుంది, పచ్చిరొట్ట ఎండి కప్పు అవుతుంది. ఇవన్నీ పప్పు జాతివి కాబట్టి గాలిలోని నత్రజనిని నేలకు కొంత ఇస్తాయి. ఉలవ కాయ మీద ఆశపడి ఇంకో నెల ఉంచకండి. తీగ మల్బరీ కొమ్మను చుట్టుకుంటే ఆకు కోత రెట్టింపు పని, ఉలవాకు కలిసి పడకలోకి వస్తుంది.

వేర్ల నులిపురుగు ఉన్న తోటలో అలసంద వద్దు, దానికీ అదే పడుతుంది. అక్కడ జనుము గానీ బంతి గానీ వేయండి, ఆ రెండూ దాన్ని తగ్గిస్తాయి. బంతి వేస్తే పూల మీద ఆశ పుడుతుంది, ఆశ పుడితే మందు కొట్టాలనిపిస్తుంది. అంత నిగ్రహం ఉందనుకుంటేనే వేయండి. కప్పు పంటకు పురుగు పడితే మందు కొట్టకుండా కోసి పడేయడమే.

కప్పు వేసేటప్పుడు మొదలుకు జానెడు దూరం వదలాలి. మొదలుకు ఆనించి వేస్తే వేసవిలో చెదలు, వానల్లో వేరు కుళ్లు. ఎండు పుల్లలను, పొట్టును మట్టిలో కలిపి దున్నకండి, పైనే ఉండనివ్వండి. మట్టిలో కలిస్తే అవి కుళ్లడానికి నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, ఆకు పసుపు తిరుగుతుంది. డ్రిప్ పైపు కప్పు కింద ఉంటే నీళ్లు ఇంకా మిగులుతాయి గానీ, ఎలుకలు కొరికినా, రంధ్రాలు మూసుకుపోయినా పైకి కనిపించదు. వారానికొకసారి మోటరు వేసి సాళ్ల వెంట నడిచి చూడాలి. తుంగ ఉన్నచోట కప్పును నమ్ముకోవద్దు. దాని మొన ప్లాస్టిక్ పేపరునే చీల్చుకుని వస్తుంది, ఆకుల కప్పు దానికి ఒక లెక్కా? దాన్ని గడ్డతో సహా తవ్వాల్సిందే. టొమాటోకు వేసే ఆ ప్లాస్టిక్ పేపరు మల్బరీకి వేద్దామా అని కొందరు అనుకుంటున్నారు. ఏళ్ల తరబడి ఉండే తోటకు ఏటా పశువుల ఎరువు వేయాలి, కోతకు మనుషులు తిరగాలి. పేపరు చినిగి ముక్కలు నేలలో ఉండిపోతాయి. నేనైతే వేయను.

మొదటిసారి చేసేవాళ్లు తోటంతా వేయకండి. నాలుగు సాళ్లకు కప్పు వేసి, పక్కన నాలుగు సాళ్లు ఉన్నవి ఉన్నట్టు వదలండి. తడి ఇచ్చిన ఆరో రోజు మధ్యాహ్నం రెండింటికి పోయి రెండు వైపులా చివరి నుంచి నాలుగో ఆకు పట్టుకుని చూడండి. ఎటు వైపు ఆకు వేలాడుతోందో రాసి పెట్టుకోండి. ఉలవలు, జీలుగ విత్తనం వాన పడ్డాక అందరూ ఒకేసారి అడుగుతారు, ఈ వారమే తెచ్చి పెట్టుకుంటే మేలు.