తెలుగు గ్రంథసూచి దత్తాంశాల పరిష్కరణలో పాండాస్ లైబ్రరీ: దిగుమతి, పరివర్తన, ఎగుమతి

వ్యాససంగ్రహం

వివిధ గ్రంథాలయాల పట్టికల నుంచి సేకరించిన పుస్తక వివరాలను ఒకే సూచిగా కూర్చడం తెలుగు సాహిత్య పరిశోధనలో తరచు ఎదురయ్యే పని. పైథాన్ భాషకు చెందిన పాండాస్ లైబ్రరీ సాయంతో ఆ వివరాలను దిగుమతి చేసుకొని, సవరించి, తిరిగి ఎగుమతి చేసే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. స్క్రిప్టు చేసే ప్రతి మార్పూ ఒక పాఠనిర్ణయమే కనుక, తాళపత్ర ప్రతుల పరిష్కర్త పాటించే నియమాలే ఇక్కడా వర్తిస్తాయి. మూలప్రతిని, మార్పుల స్క్రిప్టును, పక్కన పెట్టిన రికార్డులను భద్రపరచినప్పుడే సూచి పరిశోధనకు ఆధారంగా నిలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గ్రంథసూచి, దత్తాంశం, పాండాస్, పైథాన్, యూనికోడ్, పాఠపరిష్కరణ

1. ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు నాటకంపై పరిశోధన చేపట్టినవారి పనిని ఉదాహరణగా తీసుకోవచ్చు. నాలుగైదు గ్రంథాలయాల పట్టికలు, ముద్రిత గ్రంథసూచులు, ప్రచురణకర్తల జాబితాలు చూసి వారు సేకరించే వివరాలు సాధారణంగా ఎక్సెల్ పట్టికలోకి చేరతాయి. వరుసకు ఒక పుస్తకం; శీర్షిక, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, గ్రంథాలయ క్రమసంఖ్య అనేవి కాలమ్‌లు. వరుసలు రెండు మూడు వందలున్నంతవరకు కంటితో చూసి చేతితో దిద్దుకోవచ్చు. అవి వేలకు చేరాక ఒకే రచయిత పేరు నాలుగు రూపాల్లో, ఒకే పుస్తకం మూడు చోట్ల కనిపించడం మొదలవుతుంది.

చేతితో దిద్దడంలో శ్రమకన్నా పెద్ద చిక్కు సాక్ష్యం మిగలకపోవడం. ఏ గడిలో మొదట ఏముండేదో, దాన్ని ఎందుకు మార్చారో ఆరు నెలల తరువాత దిద్దినవారికే గుర్తుండదు. సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పాఠభేదాలను గుర్తింపజేసి, శుద్ధప్రతులు రాయించాడు. స్వీకరించిన పాఠాన్ని పైన, విడిచిన పాఠాన్ని అడుగున చూపడం పరిష్కర్తల మర్యాద. దత్తాంశాల విషయంలో ఆ మర్యాదను నిలపగల సాధనం స్క్రిప్టు. అందులో ప్రతి మార్పూ ఒక వాక్యంగా నమోదవుతుంది. దానిని మరొకరు చదవవచ్చు, ప్రశ్నించవచ్చు, మళ్లీ నడిపి చూడవచ్చు.

2. పాండాస్ స్వరూపం

కంప్యూటర్ పరిభాషలో లైబ్రరీ అంటే ముందుగా రాసిపెట్టిన ఆదేశాల సంపుటి. పాండాస్ పైథాన్ భాషలో పట్టికలతో పనిచేయడానికి ఉద్దేశించిన లైబ్రరీ. వెస్ మెకిన్నీ 2008లో దీని నిర్మాణాన్ని ప్రారంభించాడు. 2009లో ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలైంది. ఆర్థికశాస్త్రంలోని ‘ప్యానెల్ డేటా’ అనే పదబంధం నుంచి దీనికి ఆ పేరు వచ్చింది. దీనిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

పాండాస్ ఒక పట్టికను చదివి ‘డేటాఫ్రేమ్’ అనే రూపంలో కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంచుతుంది. మార్పులన్నీ ఆ నకలుపైనే జరుగుతాయి. ఎగుమతి ఆదేశంలో పాత ఫైలు పేరే ఇస్తే తప్ప మూల ఫైలు చెక్కుచెదరదు. అందువల్ల మూల ఫైళ్లకు ఒక ఫోల్డరు, ఫలితాలకు మరొక ఫోల్డరు కేటాయించడం ఈ పనిలో మొదటి నియమం.

3. దిగుమతి: చదవడంలోనే జరిగే మార్పులు

పట్టికను కామాలతో వేరుచేసిన పాఠ్యంగా భద్రపరచే ఫైలును సీఎస్‌వీ అంటారు. దానిని పాండాస్‌లోకి తెచ్చే ఆదేశం ‘రీడ్ సీఎస్‌వీ’. ఈ ఆదేశాన్ని ఏ షరతూ లేకుండా వాడితే, ఏ కాలమ్‌లో ఏ రకపు విలువలున్నాయో పాండాస్ తానే ఊహిస్తుంది. ఈ ఊహ మూడు విధాల నష్టం కలిగిస్తుంది.

మొదటిది, అంకెల రూపంలోని గుర్తులు సంఖ్యలైపోతాయి. 00457 అనే గ్రంథాలయ క్రమసంఖ్య 457 అవుతుంది. ఆ సంఖ్యతో గ్రంథాలయంలో వెదికితే పుస్తకం దొరకకపోవచ్చు. రెండవది, సంవత్సరం కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా తక్కిన సంవత్సరాలన్నీ దశాంశ సంఖ్యలై, 1932 కాస్తా 1932.0గా మారుతుంది. మూడవది, ఇంగ్లీషు అక్షరాలు ఎన్, ఏ మాత్రమే ఉన్న గడిని పాండాస్ ‘సమాచారం లేదు’ అని అర్థం చేసుకొని ఖాళీ చేస్తుంది. నాటక విభాగానికి గ్రంథాలయం ఆ రెండక్షరాల గుర్తు పెట్టుకొని ఉంటే, ఆ విభాగమంతా చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

వీటిని నివారించడానికి రెండు షరతులు చాలు. ‘డీటైప్’ అనే షరతుకు ‘ఎస్‌టీఆర్’ అని విలువ ఇస్తే ప్రతి గడినీ అక్షరపాఠంగానే చదువుతుంది. ‘కీప్ డిఫాల్ట్ ఎన్ఏ’ అనే షరతుకు ‘ఫాల్స్’ అని ఇస్తే ఏ మాటనూ తనంతట తాను ఖాళీగా భావించదు.

సీఎస్‌వీ ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిచినప్పుడూ ఇటువంటి ప్రమాదమే ఉంది. పత్రికల సంపుటి, సంచికలను 3-4 అని రాసుకుంటే ఎక్సెల్ దానిని తేదీగా మార్చగలదు. ఈ సమస్య సాహిత్య విద్యార్థులకే పరిమితం కాదు. ‘సెప్ట్ 2’ వంటి జన్యువుల పేర్లు సెప్టెంబరు తేదీలుగా మారిపోవడాన్ని జీవశాస్త్రజ్ఞులు ఎదుర్కొన్నారు. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లలో జతపరచిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఇటువంటి దోషాలున్నాయని 2016లో ‘జీనోమ్ బయాలజీ’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. చివరికి 2020 నాటికి కొన్ని మానవ జన్యువుల అధికారిక నామాలనే మార్చవలసి వచ్చింది.

4. పరివర్తన

4.1 లిపిరూపాల ఏకీకరణ

తెరపై ఒకేలా కనిపించే రెండు తెలుగు మాటలు కంప్యూటర్‌కు వేరువేరు కావచ్చు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వం గుర్తు, ఐత్వపు పొడవు గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ‘ఎన్ఎఫ్‌సీ’ అనే ప్రామాణికీకరణ పద్ధతి ఈ రెంటినీ ఒక్కటి చేస్తుంది. పొల్లు హల్లు తరువాత వచ్చే అదృశ్య విభాజకాన్ని మాత్రం అది తొలగించదు. ‘సన్స్’ అనే మాట చివర ఒక పట్టికలో ఆ విభాజకం ఉండి, మరొక పట్టికలో లేకపోతే, ‘వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్’ ఇద్దరు ప్రచురణకర్తలుగా లెక్కకు వస్తుంది. ‘వావిళ్ల’, ‘వావిళ్ళ’ అనే వర్ణక్రమ భేదం దీనికి అదనం.

అయితే ఈ భేదాలన్నిటినీ మూల కాలమ్‌లోనే తుడిచివేయడం తగదు. అరసున్నను తొలగిస్తే ‘ఏఁడు’ అనే సంవత్సరం ‘ఏడు’ అనే సంఖ్య అవుతుంది. శకటరేఫను సాధురేఫగా మారిస్తే నది అని అర్థమిచ్చే ‘ఏఱు’ ఏరుకోవడంలోని ‘ఏరు’ అవుతుంది. కనుక శీర్షిక కాలమ్‌ను యథాతథంగా ఉంచి, దాని పక్కన ‘పోలిక శీర్షిక’ అనే కొత్త కాలమ్‌ను సృష్టించాలి. ఎన్ని సరళీకరణలైనా ఆ కొత్త కాలమ్‌లోనే జరగాలి. వెదకడానికి, పోల్చడానికి అది ఉపయోగిస్తుంది. ఉటంకింపుకు మూలరూపమే ఉపయోగిస్తుంది.

4.2 సంవత్సరాలు

పాత ప్రచురణలపై తరచు ప్రభవాది నామాలే కనిపిస్తాయి. అరవై ఏళ్ల చక్రంలో ఒక నామం మళ్లీ మళ్లీ వస్తుంది కనుక నామం ఒక్కటే కాలనిర్ణయానికి చాలదు. శుభకృత్తు 1902–03, 1962–63, 2022–23లలో వచ్చింది. దాని మరుసటి ఏడాది శోభకృత్తు. ఒక్క అక్షరం తప్పు చదివితే ఏడాది తేడా వస్తుంది. పైగా ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో రావడం వల్ల ఒక తెలుగు సంవత్సరం రెండు క్రీస్తు సంవత్సరాల్లో విస్తరిస్తుంది. నెల తెలియనప్పుడు ఒకే అంకె వేయడం లేని కచ్చితత్వాన్ని కల్పించడమే. అందుచేత ‘సంవత్సరం ఆరంభం’, ‘సంవత్సరం అంతం’ అని రెండు కాలమ్‌లు ఏర్పరచడం సముచితం.

పాఠాన్ని సంఖ్యగా మార్చే ‘టు న్యూమరిక్’ ఆదేశానికి ‘కొయెర్స్’ అనే షరతు జోడిస్తే, సంఖ్యగా మారని ప్రతి విలువా ఖాళీ అవుతుంది. ‘1897?’ అని పరిశోధకుడు సందేహచిహ్నంతో రాసుకున్నది కూడా అందులో కొట్టుకుపోతుంది. మూల కాలమ్ పక్కనే ఉంటే ఆ సందేహం నిలుస్తుంది.

4.3 రచయితల పేర్లు

తెలుగు పేరులో ఇంటిపేరు సాధారణంగా ముందు వస్తుంది. చివరి మాటనే ఇంటిపేరుగా భావించే పద్ధతిలో తయారైన పట్టికల్లో గురజాడవారి ఇంటిపేరు ‘అప్పారావు’ అవుతుంది. శ్రీశ్రీ ఒకచోట కలంపేరుతో, మరొకచోట శ్రీరంగం శ్రీనివాసరావుగా కనిపిస్తాడు. ఇటువంటివాటిని సూత్రంతో సరిదిద్దలేము. ఒకవైపు లభించిన రూపం, మరొకవైపు అంగీకృత రూపం ఉండే చిన్న పట్టికను పరిశోధకుడే చేతితో తయారుచేయాలి. దానిని ‘మెర్జ్’ ఆదేశంతో ప్రధాన పట్టికకు జతచేయాలి.

ఈ చిన్న పట్టికలో ఒక రూపం పొరపాటున రెండుసార్లు ఉంటే, ప్రధాన పట్టికలో ఆ రచయిత పుస్తకాలన్నీ రెట్టింపవుతాయి. ‘వ్యాలిడేట్’ షరతుకు ‘మెనీ టు వన్’ అని విలువ ఇస్తే అటువంటి సందర్భంలో స్క్రిప్టు ముందుకు సాగక ఆగిపోతుంది. ‘ఇండికేటర్’ షరతు ఇస్తే ఏ వరుసకు జత దొరకలేదో విడిగా తెలుస్తుంది.

4.4 పునరుక్తుల తొలగింపు

‘డ్రాప్ డూప్లికేట్స్’ ఆదేశం పునరుక్తమైన వరుసల్లో మొదటిదాన్ని ఉంచి తక్కినవి తొలగిస్తుంది. శీర్షిక, రచయిత ఒకటైతే పుస్తకం ఒకటే అని నిర్దేశిస్తే ఏమవుతుందో ‘కన్యాశుల్కం’ నిరూపిస్తుంది. 1897లో వెలువడిన తొలి కూర్పును గురజాడ దాదాపు తిరిగి రచించి 1909లో ప్రకటించాడు. ఈ రెంటి తేడాపైనే తెలుగు విమర్శలో ఎంతో చర్చ జరిగింది. శీర్షిక, రచయితల ఆధారంగా పునరుక్తులను తొలగించే స్క్రిప్టు ఈ రెంటిలో ఒకదాన్ని తుడిచివేస్తుంది. ఏది మిగలాలో వరుసల క్రమం నిర్ణయిస్తుంది. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటి కూర్పు, 1903 నాటి సవరించిన కూర్పు విషయంలోనూ ఇంతే.

కాబట్టి తొలగించే ఆదేశానికి బదులు ‘డూప్లికేటెడ్’ అనే గుర్తించే ఆదేశాన్ని, ‘కీప్’ షరతుకు ‘ఫాల్స్’ విలువతో వాడాలి. అది అనుమానాస్పదమైన వరుసలన్నిటినీ చూపుతుంది. ఏవి ఒకే కూర్పుకు చెందిన ప్రతులో, ఏవి వేరువేరు కూర్పులో పరిశోధకుడు నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని ఒక కాలమ్‌లో నమోదు చేయాలి.

5. ఎగుమతి, తనిఖీ

ఎగుమతికి ముందు సూచిని అకారాదిక్రమంలో పేర్చడం ఆనవాయితీ. పాండాస్ సాధారణంగా యూనికోడ్ సంకేతాల వరుసను అనుసరిస్తుంది. అందులో ఱ, ల, ళ అనేవి వ కంటే ముందున్నాయి. సంప్రదాయ వర్ణమాలలో ళ, ఱ లు హకారం తరువాత వస్తాయి. ఫలితంగా యంత్రం పేర్చిన జాబితాలో ‘కళ’ ముందు, ‘కవి’ తరువాత వస్తాయి. సంప్రదాయ క్రమం కావాలంటే ‘సార్ట్ వాల్యూస్’ ఆదేశంలోని ‘కీ’ షరతు ద్వారా అక్షరాల వరుసను ప్రత్యేకంగా నిర్దేశించాలి.

‘టు సీఎస్‌వీ’ ఆదేశానికి ‘యూటీఎఫ్-8-సిగ్’ అనే సంకేతపద్ధతిని సూచిస్తే, ఎక్సెల్ ఆ ఫైలులోని తెలుగును సరిగా గుర్తిస్తుంది. ‘ఇండెక్స్’ షరతుకు ‘ఫాల్స్’ ఇవ్వకపోతే అవసరం లేని వరుససంఖ్యల కాలమ్ అదనంగా చేరుతుంది.

చివరిగా లెక్క సరిచూడాలి. దిగుమతి చేసుకున్న వరుసల సంఖ్య, సూచిలో నిలిచిన వరుసలు, పక్కన పెట్టిన వరుసల మొత్తానికి సమానం కావాలి. పక్కన పెట్టినవాటిని వేరొక ఫైలులో కారణంతో సహా ఎగుమతి చేయాలి. ఈ సమానత్వాన్ని పైథాన్‌లోని ‘అసర్ట్’ వాక్యంతో స్క్రిప్టులోనే రాసిపెడితే, లెక్క తప్పిన ప్రతిసారీ అది ఆగి హెచ్చరిస్తుంది.

6. ముగింపు

గ్రంథసూచిలోని వరుసలను లెక్కించి ఒక దశాబ్దంలో ఎన్ని నాటకాలు వెలువడ్డాయో, ఏ ప్రచురణకర్త ఎన్ని ముద్రించాడో చెప్పే నిర్ధారణలు సిద్ధాంత వ్యాసాల్లో పెరుగుతున్న కొద్దీ, ఆ వరుసలు ఎలా ఏర్పడ్డాయన్న ప్రశ్నకు ప్రాముఖ్యం పెరుగుతుంది. ఒక కూర్పు జారిపోయినా, ఒక ప్రచురణకర్త ఇద్దరైనా నిర్ధారణ తప్పుతుంది. స్క్రిప్టు లేకపోతే ఆ తప్పు ఎక్కడ జరిగిందో పర్యవేక్షకుడికి గాని, పరీక్షకుడికి గాని కనిపెట్టే దారి ఉండదు. మూల ఫైలు, పేర్ల పట్టిక, స్క్రిప్టు, పక్కన పెట్టిన రికార్డులు అనే నాలుగింటిని సిద్ధాంత వ్యాసానికి అనుబంధంగా సమర్పించడం కష్టమైన పని కాదు. పరిష్కృత కావ్యానికి పీఠిక, పాఠాంతర సూచిక ఎంత అవసరమో పరిష్కృత దత్తాంశానికి ఈ నాలుగూ అంత అవసరం.