కార్డు కంటే ముందు కెమెరా

జంషెడ్‌పూర్‌లోని చిన్న వీడియో స్టూడియోలకు గ్రాఫిక్స్ కార్డు సరదా వస్తువు కాదు, పెట్టుబడి. పగలు పెళ్లి వీడియోల ఎడిటింగుకు, రాత్రి కాసేపు ఆటకు పనికొచ్చే కార్డును తక్కువ ధరలో ఎంచుకోవడం ఎలా?

ఉక్కు నగరంలో పెళ్లి వీడియోకు భాషాభేదం లేదు. బిష్టుపూర్, సాక్చీ, కద్మా, సోనారీ ప్రాంతాల్లో ఒక రాత్రి తెలుగు పెళ్లి తీసిన కెమెరాయే మర్నాడు బెంగాలీ పెళ్లిలోనో, పంజాబీ పెళ్లిలోనో కనిపిస్తుంది. ముహూర్తాలు ముంచుకొచ్చాయంటే వారం తిరగకుండా మూడు నాలుగు పెళ్లిళ్ల ఫుటేజీ వచ్చి పడుతుంది. తీయడం ఒక్క రాత్రి పని. అసలు కష్టం ఆ తర్వాతే. టైమ్‌లైన్ మీద బొమ్మ నత్తనడక నడుస్తుంది. జీలకర్రబెల్లం దగ్గర ఆగిన దృశ్యం తలంబ్రాలకు చేరేసరికి టీ చల్లారిపోతుంది. వీడియో ఎప్పుడిస్తారంటూ పెళ్లివారి ఫోన్లు మాత్రం ఆగవు.

అప్పుడు తట్టే మొదటి ఉపాయం గ్రాఫిక్స్ కార్డు. దుకాణంలో అడిగితే ఆటలు బాగా ఆడే కార్డు చూపిస్తారు. తెలిసినవాళ్లను అడిగితే తమ ఇంట్లో ఉన్నదే మంచిదంటారు. చిన్న స్టూడియో లెక్కలో చౌక కార్డంటే సుమారు రూ.15 వేల నుంచి రూ.30 వేల దాకా. ఒకటి రెండు పెళ్లిళ్ల మీద మిగిలే డబ్బు ఒక పెట్టెలోకి వెళ్లిపోతుందన్న మాట. ఆ పెట్టె తెచ్చి బిగించాక కూడా బొమ్మ అక్కడే ఆగితే ఆ సీజన్ శ్రమంతా బూడిదలో పోసినట్టే.

జంషెడ్‌పూర్‌లో ఈ వ్యాపారానికి గిరాకీ ఉండటానికి కారణం ఊరి పుట్టుకలోనే ఉంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు దిమ్మె బయటికొచ్చాక దేశం నలుమూలల నుంచీ జనం ఇక్కడికి చేరారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి కూడలి. అక్కడి ఉత్సవాల నుంచి ఇంట్లో జరిగే ఓణీల వేడుక దాకా అన్నీ వీడియోకు ఎక్కాల్సిందే. ఊళ్లో ఉండిపోయిన తాతమ్మలు, మేనత్తలు చూడాలంటే అదొక్కటే దారి. మరోవైపు 2001లో వచ్చిన ‘చాందో లిఖోన్’ను తొలి సంథాలీ కథాచిత్రంగా చెబుతారు. 2003లో 92వ రాజ్యాంగ సవరణతో సంథాలీ ఎనిమిదో షెడ్యూలుకెక్కింది. ఆ భాషలో వీడియో పాటలకు ఇప్పుడు యూట్యూబే పెద్ద సంత. ఇన్ని భాషల వీడియోలు తయారయ్యేది ఎక్కువగా ఒకటి రెండు కంప్యూటర్లున్న చిన్న గదుల్లోనే.

బొమ్మ ఎక్కడ ఆగుతోంది?

కార్డు కొనేముందు తేల్చుకోవాల్సింది ఇదే. కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తి బొమ్మగా దాచదు. ఒక బొమ్మను దాచి, ఆ తర్వాతి వాటిలో మారినంత మేరకే రాసుకుంటుంది. హెచ్.264, హెచ్.265 పద్ధతుల కిటుకు ఇదే. కార్డులో చోటు కలిసొస్తుంది కానీ, ఎడిటింగ్ వేళ ఆ మడతలన్నీ విప్పి మళ్లీ బొమ్మలుగా పరచాల్సిన భారం కంప్యూటర్ మీద పడుతుంది. ఈ మడత విప్పే పనికి గ్రాఫిక్స్ చిప్పుల్లో విడిగా ఒక యంత్రాంగం ఉంటుంది. ఆటల్లో బొమ్మలు గీసే భాగం వేరు, ఇది వేరు. ఆటలో ఎన్ని ఫ్రేములు వస్తాయో చూసి కార్డు కొంటే ఎడిటర్ మోసపోయేది ఇక్కడే.

పెళ్లి కెమెరాలు ఈ చిక్కును మరింత పెంచాయి. ఫోన్లు, సాధారణ కెమెరాలు 4:2:0 అనే పద్ధతిలో తీస్తాయి. అంటే నాలుగు చుక్కలకు కలిపి ఒక రంగు వివరం. సోనీ, కానన్ కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు 10 బిట్, 4:2:2 పద్ధతిలోనూ తీయగలవు. ఇందులో రెండేసి చుక్కలకు ఒక రంగు వివరం ఉంటుంది. ఒక్కో రంగులో 256 ఛాయలకు బదులు 1,024 ఛాయలు పలుకుతాయి. ఎల్‌ఈడీ దీపాల కింద పట్టుచీర ఎరుపును, పసుపు రాసిన ముఖాన్ని సరిదిద్దేటప్పుడు ఈ తేడా కళ్లకు కడుతుంది.

అయితే ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 వరుసల కార్డులకు 4:2:2 మడత విప్పే యంత్రాంగం లేదు. ఎంత ఖరీదు పెట్టినా అంతే. ఆ వరుసల్లో పైస్థాయి కార్డు కూడా ఈ ఫుటేజీ దగ్గర చేతులెత్తేసి, భారాన్ని ప్రాసెసర్ మీదికి నెడుతుంది. అదే ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లలో అంతర్భాగంగా ఉండే గ్రాఫిక్స్ హెచ్.265లోని 10 బిట్ 4:2:2ను సులువుగా విప్పేస్తుంది. హెచ్.264లోని 4:2:2కు మాత్రం అదీ పనికిరాదు. కాబట్టి కెమెరాలో హెచ్.265 ఎంచుకోవాలి. సోనీ కెమెరాల్లో అయితే దాని పేరు ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుస ఈ రెండింటినీ విప్పగలదు. దానికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా కొత్త వెర్షన్ అయి ఉండాలి.

ఇక్కడే మరో చిన్న అక్షరం కొంప ముంచుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఐ5 12400లో ఉంటుంది, 12400ఎఫ్‌లో ఉండదు. ఆటల కోసం కంప్యూటర్ కట్టించుకునేవారికి ఎఫ్ రకం కొంత చౌక. ఎడిటర్‌కు అది పొదుపు కాదు, నష్టం.

ఏ కార్డు ఎవరికి?

ఫోన్లతో, పాత కెమెరాలతో ఫుల్ హెచ్‌డీలో తీసేవారికి అసలు కార్డే అక్కర్లేకపోవచ్చు. ఇంటెల్ అంతర్గత గ్రాఫిక్స్, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలా పని జరిగిపోతుంది. ప్రీమియర్ ప్రో, డావిన్సీ రిజాల్వ్ రెండింటిలోనూ ప్రాక్సీ సదుపాయం ఉంది. అసలు ఫుటేజీకి తేలికపాటి నకలు తయారుచేసుకుని దాని మీద కత్తిరింపులు చేస్తే, చివర్లో సాఫ్ట్‌వేర్ తనంతట తానే అసలు బొమ్మలను పెట్టుకుంటుంది. నకళ్లు రాత్రి పడుకునేముందు మొదలుపెడితే తెల్లారేసరికి సిద్ధం. దీనికి పైసా ఖర్చు లేదు.

4కే తీసి, రంగులు దిద్ది, నాయిస్ తగ్గించి ఇచ్చేవారికి కార్డు తప్పదు. ముఖ్యంగా రిజాల్వ్ కార్డు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 4కే పనికి కార్డు మెమరీ 8 జీబీకి తగ్గకూడదు. టైమ్‌లైన్‌లో మెమరీ చాలకపోతే నెమ్మదించడంతో ఆగదు, పని మధ్యలో సాఫ్ట్‌వేరే మొండికేస్తుంది.

ఈ కొలతలతో చూస్తే బరిలో మిగిలేవి కొన్నే. 2024 డిసెంబర్‌లో 249 డాలర్ల ధరతో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ మెమరీ ఉంది. హెచ్.265 4:2:2ను విప్పుతుంది, ఏవీ1 పద్ధతిలో వీడియో తయారుచేస్తుంది. కానీ మదర్‌బోర్డులో రిసైజబుల్ బార్ సదుపాయం లేకపోతే వేగం బాగా పడిపోతుంది. పాత కంప్యూటర్‌లో దీన్ని పెట్టడం ఎడ్లబండికి కారు ఇంజన్ తగిలించినట్టే. 2025లో అదే 249 డాలర్లకు విడుదలైన ఆర్‌టీఎక్స్ 5050కి 8 జీబీ మెమరీయే అయినా, 4:2:2 విషయంలో పాత ఎన్‌విడియా కార్డులకున్న లోటు లేదు. ఎన్‌విడియా క్యూడా వేదిక మీద నడిచే ప్లగిన్లు వాడేవారికి ఇదే అనువు. 299 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5060 అంతకంటే ఒక మెట్టు పైన. ఇవన్నీ అమెరికాలో విడుదలనాటి ధరలు. ఇక్కడ 18 శాతం జీఎస్టీ, డీలర్ల లాభం కలుస్తాయి. 2025 చివరి నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్పుల ధరలు ఎగబాకడంతో కార్డుల ధరల మీదా ఒత్తిడి పడింది. అందువల్ల కొనే రోజు ధరే ధర.

ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 చౌకలో ఆటలకు మంచి కార్డుగా పేరు తెచ్చుకుంది. కానీ 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీల పెట్టె మీద బొమ్మలు చూసి ఎడిటర్లు ఆశపడకూడదు. వాటిలో వీడియోను మడతపెట్టే యంత్రాంగమే లేదు. అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా బయటికి తీసేటప్పుడు కార్డు చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

పేర్లతోనూ తికమకే. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 2022లో వచ్చిన 8 జీబీ కార్డులో 2,560 కోర్లున్నాయి. 2024లో అదే పేరుతో వచ్చిన 6 జీబీ కార్డులో 2,304 మాత్రమే. మెమరీ దారి కూడా ఇరుకు. అయితే ఈ రెండోది 70 వాట్లతోనే నడుస్తుంది. విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. పాత ఆఫీసు కంప్యూటర్‌తో నెట్టుకొచ్చేవారికి అదొక్కటే ఊరట.

ఆట సంగతి

పని అయ్యాక కాసేపు ఆడుకునేవారు దీని గురించి బెంగపెట్టుకోనక్కర్లేదు. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5, క్రికెట్, ఫుట్‌బాల్ ఆటలు పై కార్డుల్లో దేనిమీదైనా ఫుల్ హెచ్‌డీ తెర మీద హాయిగా నడుస్తాయి. 2015లో కంప్యూటర్లకు వచ్చిన జీటీఏ 5కి సిఫారసు చేసిన కార్డు మెమరీ 2 జీబీయే. కొత్తగా వచ్చే భారీ ఆటలను అన్ని హంగులతో ఆడాలంటేనే జేబుకు చిల్లు. ఎడిటింగుకు సరిపోయే కార్డు ఆటకు సరిపోతుంది. ఆటకు కొన్నది ఎడిటింగుకు సరిపోతుందన్న భరోసా లేదు.

కరెంటు లెక్క

నగరంలో కంపెనీ ప్రాంతానికి కరెంటు ఇచ్చేది 2021 దాకా జుస్కోగా పిలిచిన టాటా స్టీల్ యూఐఎస్‌ఎల్. సువర్ణరేఖ అవతలి మాన్‌గోకు ప్రభుత్వ సంస్థ జార్ఖండ్ బిజిలీ వితరణ్ నిగమ్. కరెంటు ఎవరిదైనా, రెండరింగ్ మధ్యలో ఒక్క క్షణం పోతే పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే యూపీఎస్ తప్పనిసరి. సాధారణంగా ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకానే మోయగలదు. బీ580కి 190 వాట్లు, ఐ5 12400 పూర్తి వేగంతో 117 వాట్లు, మానిటర్, డిస్కులు కలిస్తే అది అంచుకు చేరినట్టే. 130 వాట్ల ఆర్‌టీఎక్స్ 5050 అయితే ఊపిరి పీల్చుకోవచ్చు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, తలుపులు మూసిన చిన్న గదిలో ఈ తేడా వేడి రూపంలోనూ తెలుస్తుంది. పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద కొత్త కార్డు పెట్టడం కంటే సాహసం మరొకటి లేదు.

పాత సరుకు, కొత్త పెట్టె

చౌక అనగానే సెకండ్ హ్యాండ్ గుర్తుకొస్తుంది. కోల్‌కతా చాందినీ చౌక్ టాటానగర్ నుంచి దాదాపు 250 కిలోమీటర్ల రైలు ప్రయాణం. ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్లయితే చేతిలోనే ఉన్నారు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో దాని మైనింగుకు వాడిన కార్డులు ప్రపంచమంతటా మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డు పైకి తుడిస్తే కొత్తదానిలాగే ఉంటుంది. పాత చిప్పును జీటీఎక్స్ 1050 టీఐగా చూపించే నకిలీలూ బజారులో తిరిగాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వీటిలో చాలావాటిని పట్టేస్తుంది. అసలైన 1050 టీఐ, 1060 కూడా ఇప్పుడు మంచి బేరం కావు. ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది. 2028 అక్టోబర్ దాకా భద్రతాపరమైన మార్పులే వస్తాయి.

బిల్లు లేకుండా కొంటే వెయ్యో రెండు వేలో తగ్గుతుంది. దాంతోపాటు వారంటీ కూడా పోతుంది. జీఎస్టీలో నమోదైన స్టూడియో అయితే కార్డు మీద కట్టిన పన్నును తాను చెల్లించాల్సిన పన్నులో మినహాయించుకోవచ్చు. ఆ అవకాశమూ పోతుంది.

ఇంత చూసుకున్నాక డబ్బు మిగిలితే దాన్ని మరింత పెద్ద కార్డు మీద పెట్టడం కంటే డిస్కుల మీద పెట్టడం మేలు. 100 మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు నాలుగేసి గంటలు నడిస్తే ఒక్క పెళ్లికి 540 జీబీ. కార్డు నెమ్మదిస్తే వీడియో నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. ఉన్న ఒక్క డిస్కూ చెడిపోతే ఆ పెళ్లి మళ్లీ జరగదు.

కొనేముందు

• సొంత కెమెరాతో తీసిన ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లో దుకాణానికి తీసుకెళ్లండి. వీలైతే అక్కడి కంప్యూటర్‌లో వేసి చూడండి.

• ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉందేమో చూసుకోండి.

• కార్డు పేరుతో సరిపెట్టుకోకుండా మెమరీ ఎంతో, ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి.

• ఆర్క్ కార్డు కొనాలనుకుంటే మదర్‌బోర్డులో రిసైజబుల్ బార్ ఉందో లేదో ముందే తెలుసుకోండి.

• కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందా, ఎస్‌ఎంపీఎస్‌కు తగిన పిన్నులున్నాయా కొలుచుకోండి.

• పెట్టె మీది సీరియల్ నంబరు, కార్డు మీది నంబరు ఒకటేనని చూశాకే డబ్బు చెల్లించండి.

• ముహూర్తాలు మొదలయ్యే వారం కాకుండా, మూఢంలో కొనండి. తేడా వస్తే మార్చుకోవడానికి వ్యవధి ఉంటుంది.