పళ్ళెంలో పెరిగే మర్రి

ఈ మధ్య మన సోదరీమణుల నుంచి, మదరసాలో చదివే పిల్లల తల్లిదండ్రుల నుంచి మాకు తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఒకటుంది. ఆకాశాన్నంటేలా పెరగవలసిన చెట్టును కత్తిరించి, తీగలు చుట్టి, జానెడు పళ్ళెంలో పెంచే బోన్సాయ్ విద్య ధర్మసమ్మతమేనా? అది అల్లాహ్ సృష్టిని మార్చడం కిందికి రాదా? మరికొందరు వేరే సందేహం తెస్తారు. బోన్సాయ్ ఇంట్లో ఉంటే ఇంటివారి ఎదుగుదల ఆగిపోతుందట, నిజమేనా అని. రెండవదానికి జవాబు చిన్నది, దాని చోటు వచ్చినప్పుడు చెబుతాము. మొదటిది మాత్రం నిదానంగా ఆలోచించదగినది. ఏ వస్తువు గురించైనా ధర్మనిర్ణయం చెప్పే ముందు ఆ వస్తువేమిటో సరిగా తెలుసుకోవాలన్నది మా గురువులు మాకు నేర్పిన మొదటి పాఠం. కనుక అక్కడి నుంచే మొదలుపెడదాం.

జపాను భాషలో ‘బోన్’ అంటే లోతు తక్కువ పళ్ళెం, ‘సాయ్’ అంటే నాటడం. పేరు జపానుది గాని విద్య పుట్టినది చైనాలో. అక్కడ టాంగ్ వంశపు రాకుమారుడు ఝాంగ్‌హువాయ్ సమాధిని 706లో నిర్మించారు. దాని గోడ మీది చిత్రంలో, చిన్న రాళ్ళూ మొక్కలూ అమర్చిన పళ్ళేన్ని చేత పట్టుకున్న సేవకులు కనిపిస్తారు. జపానుకు చేరిన తరువాత ఆ విద్య రాళ్ళనూ బొమ్మలనూ వదిలిపెట్టి, ఒంటరి చెట్టు మీదనే దృష్టి నిలిపింది. టోక్యోలోని చక్రవర్తి భవనంలో ఒక పైన్ చెట్టు ఉంది. 17వ శతాబ్దంలో దేశాన్నేలిన షోగన్ తొకుగావా ఇయెమిత్సు దానిని ప్రీతితో చూసుకున్నాడని ప్రసిద్ధి. ఆ చెట్టు వయస్సు సుమారు 500 ఏళ్ళు. 1923లో కాంటో భూకంపం టోక్యోను నేలమట్టం చేసినప్పుడు అక్కడి బోన్సాయ్ పెంపకందారులు కొందరు మంచి నేల, మంచి నీరు వెదుక్కుంటూ ఓమియా అనే చోటికి తరలిపోయి, 1925లో బోన్సాయ్ గ్రామాన్నే నెలకొల్పారు. ఆ ఊరిలో నివసించదలచినవారు కనీసం పది బోన్సాయ్‌లు పెంచాలి, చూడవచ్చినవారికి తలుపు తెరిచి ఉంచాలి, మేడ కట్టరాదు, ప్రహరీగోడకు బదులు మొక్కల కంచె వేసుకోవాలి. వారు అప్పట్లో పెట్టుకున్న నియమాలివి. పొరుగువాని హక్కుల గురించి ఎన్నో ఉపన్యాసాలు వినే మనం, ఈ ఊరిలో ఒక్కసారి తిరిగి రాదగినంతటి నియమాలే.

బోన్సాయ్ అంటే పొట్టిజాతి విత్తనమని చాలామంది అనుకుంటారు. కాదు. అది మామూలు మర్రి, మామూలు చింత, మామూలు దానిమ్మ. పళ్ళెంలోంచి తీసి నేలలో నాటితే మళ్ళీ తన జాతి లక్షణం ప్రకారం ఎదగడానికే ప్రయత్నిస్తుంది. తిండి పెట్టక మాడ్చడం వల్ల చిన్నదిగా ఉంటుందన్నది మరొక అపోహ. నిజానికి చిగురించే కాలంలో దానికి క్రమం తప్పకుండా ఎరువు వేయాలి. కొమ్మ కొన చిగురులో పుట్టి కిందికి దిగే ఒక పదార్థం పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. ఆ కొనను గిల్లితే పక్క కొమ్మలు బయలుదేరతాయి, చెట్టు పొడవు పెరగడం మాని గుబురెక్కుతుంది. అలాగే రెండు మూడేళ్ళకొకసారి చెట్టును పళ్ళెంలోంచి తీసి లావు వేళ్ళను కత్తిరిస్తే సన్నని పీచు వేళ్ళు పుడతాయి. నీటినీ పోషకాలనూ పీల్చేది ఆ పీచు వేళ్ళే. కొమ్మలకు రాగి తీగనో అల్యూమినియం తీగనో చుట్టి, కావలసిన వంపు తిప్పి, కొన్ని నెలలు ఉంచి, బెరడులోకి దిగబడక ముందే విప్పేస్తారు. ఇలా పెంచిన చెట్టుకు ఆకులు క్రమంగా చిన్నవవుతాయి గాని పండు ఆ లెక్కన చిన్నది కాదు. మూరెడు దానిమ్మకు మామూలు దానిమ్మ పండే కాసి కొమ్మను వంచుతుంది. మనిషి కత్తెర ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఆ పండును చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ధర్మ ప్రశ్నకు వద్దాం. అభ్యంతరం చెప్పేవారు అన్నిసా సూరాలోని 119వ ఆయతును చూపుతారు. పశువుల చెవులు కోయిస్తాననీ, దైవసృష్టిని మార్పిస్తాననీ షైతాను చేసిన ప్రతిజ్ఞ అందులో ప్రస్తావితమైంది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మొదలుకొని ఎందరో వ్యాఖ్యాతలు ఇక్కడ ‘సృష్టి’ అంటే అల్లాహ్ ఏర్పరచిన ధర్మమనీ, మానవ సహజ స్వభావమనీ అర్థం చెప్పారు. పచ్చబొట్టు వంటి శరీర మార్పులకు దీనిని అన్వయించినవారూ ఉన్నారు. చెట్టు కొమ్మను కత్తిరించడం ఈ నిషేధంలో చేరితే ఏటా మల్లెపొదను నరికి పూయించే రైతు, అంటుకట్టి బంగినపల్లి మామిడిని పెంచేవాడు, గోరింట కంచెను సమంగా కత్తిరించేవాడు అందరూ దోషులే కావాలి. అలా ఎవరూ అనలేదు.

సహీహ్ ముస్లింలోని ఒక సంఘటన ఇక్కడ గుర్తు చేసుకోదగినది. మదీనా వాసులు మగ ఖర్జూరపు పుప్పొడిని ఆడ చెట్టు పూతలో తమ చేతులతో ఉంచుతుండగా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) చూశారు. దానివల్ల ప్రయోజనం ఉంటుందని తాను అనుకోవడం లేదన్నారు. వారు మానుకోగా ఆ ఏడు కాపు తగ్గింది. అప్పుడు ఆయన (స), మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునన్న భావంలో పలికి, ఆ పనిని వారికే వదిలిపెట్టారు. తోటపని చేసే మనిషి చేయి చెట్టు మీద పడటం సృష్టికి ద్రోహం కాదని దీనివల్ల స్పష్టమవుతోంది. 12వ శతాబ్దపు సెవిల్లె పండితుడు ఇబ్నుల్ అవ్వామ్ తన ‘కితాబుల్ ఫిలాహా’ అనే వ్యవసాయ గ్రంథంలో అంటుకట్టడం, కత్తిరించడం గురించి ఎంతో వివరంగా రాశారు. మన పూర్వీకులకు ఈ విద్య పరాయిది కాదు.

అయితే అనుమతి దొరికింది కదా అని ఇక్కడితో చేతులు దులుపుకుంటే అసలు విషయం వదిలిపెట్టినట్టే. నేలలో ఉన్న చెట్టుకు దాహమైతే వేరు చాచి నీటిని వెదుక్కుంటుంది. మనం మరచినా వాన మరవదు. పళ్ళెంలోని చెట్టుకు ఆ దారి లేదు. రెండంగుళాల మట్టి, దాని అంచు, ఆపైన మన చేయి. దాని లోకమంతా అంతే. ఈ స్థితికి దగ్గరగా మాకు రెండు హదీసులు కనిపిస్తున్నాయి. ఒకటి హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్‌ది. ఆ పసివాడు ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉంటే దైవప్రవక్త (స) ఆ పిట్ట పేరెత్తి పలకరించి ఊరడించారు. పిట్టను ఎందుకు పెంచావని మందలించలేదు. హాఫిజ్ ఇబ్నె హజర్ వంటి వ్యాఖ్యాతలు, పక్షిని పంజరంలో ఉంచుకోవచ్చునన్న అనుమతిని ఈ హదీసు నుంచి గ్రహించారు. రెండవది పిల్లిని కట్టివేసిన స్త్రీది. ఆమె దానికి తిండీ పెట్టలేదు, నేల మీది పురుగునో పుట్రనో తిని బతకమని వదలనూ లేదు. దాని మూలంగానే ఆమె నరకానికి పోయిందని బుఖారీ, ముస్లింలు నమోదు చేశారు.

చెట్టు పిల్లి కాదు, నిజమే. జంతువుకున్నట్టు దానికి ఆకలి బాధ ఉందని మేము అనడం లేదు. కాని చెట్లు సాష్టాంగపడుతున్నాయని అర్‌రహ్మాన్ సూరా తెలుపుతోంది. మస్జిదె నబవీలో ఖర్జూరపు మోడు దైవప్రవక్త (స) ఎడబాటుకు విలపిస్తే ఆయన దిగివచ్చి దాని మీద చేయి ఉంచి శాంతింపజేశారు. ఇవి చదివే విశ్వాసి చెట్టును కుర్చీతోనూ బల్లతోనూ సమంగా చూడలేడు. చిన్నదిగా పెంచడంలో దోషం లేదు. వెదుక్కునే దారి మూసి, ఆ తరువాత మరచిపోవడంలో ఉంది.

ఈ బాధ్యత తెలిసినవారు ఎలా ఉంటారో 2019 ఆరంభంలో లోకమంతా చూసింది. టోక్యో పక్కనున్న సైతామాలో ఒక కుటుంబపు తోట నుంచి ఏడు బోన్సాయ్‌లు దొంగతనానికి గురయ్యాయి. వాటిలో సుమారు 400 ఏళ్ళ జూనిపర్ చెట్టొకటి. దాని ఒక్కదాని విలువే కోటి యెన్‌లకు పైమాట. పోగొట్టుకున్నవారు దొంగకు బహిరంగంగా చేసుకున్న మనవి ఏమిటంటే, ఆ చెట్టుకు నీళ్ళు పోయమని. నీరు లేకుంటే అది వారం రోజులైనా బతకదని వారి ఆందోళన. సొత్తు పోయిన బాధకన్నా అప్పగింత నెరవేరదేమోనన్న బాధ అందులో పెద్దది. మనం అమానతు అంటున్నది దీనినే.

ఇంతకంటే పెద్ద కథ హిరోషిమాది. అక్కడ యమాకీ అనే కుటుంబం దగ్గర 1625 నుంచి పెంపకంలో ఉన్న ఒక తెల్ల పైన్ చెట్టుండేది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడిన చోటికి వారి ఇల్లు సుమారు మూడు కిలోమీటర్లు. కిటికీ అద్దాలు పగిలి ఇంట్లోవారికి గాయాలయ్యాయి. తోట చుట్టూ ఉన్న ఎత్తైన గోడ చెట్టును కాపాడింది. 1976లో అమెరికా తన 200వ ఏడు జరుపుకుంటున్నప్పుడు జపాను 53 బోన్సాయ్‌లను కానుకగా పంపింది. యమాకీ కుటుంబపు పెద్ద మసారు యమాకీ తన పైన్‌ను వాటిలో చేర్చాడు. బాంబు వేసిన దేశానికి, బాంబును తట్టుకున్న చెట్టు! ఇచ్చినప్పుడు ఆ సంగతి చెప్పనేలేదు. 2001లో ఆయన మనుమలు వాషింగ్టన్‌లోని తోటకు వచ్చి తాతగారి చెట్టును చూసి చెబితేనే అక్కడివారికి తెలిసింది. ఉపకారం చేసి ఎత్తిపొడవరాదన్నది అల్‌బఖరా సూరా మనకు నేర్పిన మర్యాద. ఆ మర్యాద ఇంత నిండుగా పాటించిన ఉదంతాలు మాకు ఎక్కువగా తారసపడలేదు. 1625 నుంచి నేటి వరకు ఆ చెట్టుకు ఏ తరంలోనూ నీరు పోసే చేయి లేకుండా పోలేదు. మన ఇళ్ళలో తాతలు వక్ఫ్ చేసిన బావులు ఎన్ని పూడిపోయాయో తలచుకుంటే ఈ మాట కొంచెం గుచ్చుకుంటుంది.

ఇక ఆ రెండవ సందేహం. బోన్సాయ్ ఇంటివారి ఎదుగుదలను ఆపుతుందన్నది వాస్తు పేరిట ప్రచారంలోకి వచ్చిన శకునం. ఇస్లాంలో శకునాలకు తావు లేదని దైవప్రవక్త (స) స్పష్టంగా చెప్పారు. దాని తలక్రిందులు కూడా అంతే తప్పు. ఫలానా మొక్క గుమ్మం దగ్గర పెడితే డబ్బు వస్తుందని కొనేవారు, ఉపాధినిచ్చేది ఆకు కాదని గుర్తించాలి. అలాగే కొన్ని కుండీలలో బుద్ధుని బొమ్మో మనుషుల బొమ్మలో అమర్చి అమ్ముతుంటారు. అటువంటివి తీసివేసి చెట్టును మాత్రమే ఉంచుకోవచ్చు.

ఖర్చు విషయమూ చెప్పాలి. కడియం, కడియపులంక నర్సరీల నుంచి హైదరాబాద్ అంగళ్ళ దాకా లావు వేళ్ళ జువ్విజాతి మొక్కలను బోన్సాయ్ పేరుతో అమ్ముతున్నారు. వాటిలో ఎక్కువభాగం త్వరగా లావెక్కించిన మొక్కలే. అందమైనవే గాని ఏళ్ళ తరబడి తీర్చిదిద్దిన చెట్లు కావు. అతిథుల ముందు గొప్ప కోసం వేలకు వేలు పోసి కొని, ఏసీ గదిలో ఉంచి, మూడు నెలల్లో ఎండబెట్టడం మాత్రం నిస్సందేహంగా ఇస్రాఫ్, అంటే దుబారా. ఇంకొక మాట. మనిషో పక్షో పశువో తినగలిగే చెట్టును నాటడం సదకా అన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. పళ్ళెంలోని మర్రి కింద ఎవరూ నీడకు కూర్చోలేరు. కనుక బోన్సాయ్ పెంచేవారు నేల మీద ఒక వేపనో నేరేడునో నాటి ఉంచాలని మేము గట్టిగా చెబుతున్నాము. ఒకదాని పుణ్యాన్ని మరొకదాని ఖాతాలో రాసుకోలేం.

మొక్క కోసం అంగడికి వెళ్ళనక్కరలేదు. పాత మస్జిదుల మినారుల పగుళ్ళలో, మిద్దె పిట్టగోడలలో పక్షులు వేసిన రావి, మర్రి, జువ్వి మొలకలు కనిపిస్తూనే ఉంటాయి. వదిలేస్తే వాటి వేళ్ళు గోడను చీలుస్తాయి. ముతవల్లీగారి అనుమతితో తొలకరి వేళ వాటిని వేరుతో సహా జాగ్రత్తగా తీస్తే గోడా నిలుస్తుంది, చెట్టూ దక్కుతుంది. తీసిన మొక్కను వెంటనే పళ్ళెంలో పెట్టకండి. రెండేళ్ళు మామూలు కుండీలో బలపడనివ్వండి. ఆ తరువాత అడుగున రంధ్రాలున్న లోతు తక్కువ మట్టి పాత్ర తీసుకుని, ఎర్రమట్టి, ముతక ఇసుక, పశువుల ఎరువు, చిన్న ఇటుక ముక్కలు కలిపి నాటండి. దీని చోటు ఎండా గాలీ తగిలే మేడ మీదనో వసారాలోనో. గదిలో ఒకటి రెండు రోజులు మాత్రమే. పైన్, జూనిపర్ వంటి చలిప్రాంతపు చెట్ల జోలికి పోకండి, మన ఎండలు వాటికి పడవు. వేలితో తాకి పైమట్టి ఆరిందనిపిస్తే రంధ్రాల నుంచి కారేదాకా నీరు పోయాలి. రోహిణి కార్తె ఎండల్లో పొద్దున పోసిన నీరు మధ్యాహ్నానికే ఆవిరవుతుంది. అప్పుడు రెండు పూటలా తప్పదు. సబ్బు కలవని వజూ నీటిని ఒక పాత్రలో పట్టి దీనికి వాడుకోవచ్చు. నీరు పోసే పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి, కాని రాత్రి పడుకునే ముందు మీరు ఒకసారి తాకి చూడండి.

ఉమ్రా ప్రయాణానికి ఇంటిల్లిపాదీ బయలుదేరేటప్పుడు తాళంచెవి ఎవరికివ్వాలో ముందే ఆలోచించినట్టు, ఈ పళ్ళెం ఎవరింటికి చేరాలో కూడా ముందే నిర్ణయించుకోండి. ఏ వేళకు ఎంత నీరు పోయాలో కాగితం మీద రాసి, వెళ్ళే రోజున కాక, రెండు రోజుల ముందే తీసుకువెళ్ళి అప్పగించి, వారి చేత ఒకసారి పోయించి చూసుకుని రండి.