సంచిలో పట్టే గాలం

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నారా? ట్రెక్కింగ్ గైడ్ అవ్వాలని ఉందా? అయితే కంగ్టి, ఖేడ్ వైపు చెరువు గట్ల మీద కనిపించే గాలాన్ని ఓసారి గుర్తు చేసుకోండి. ఒక కర్ర, దాని కొసకు కట్టిన దారం. చక్రం లేదు, హంగు లేదు. జపాన్ కొండవాగుల్లోనూ ఇదే పద్ధతి. పేరు టెంకారా.

ఇప్పటి టెంకారా కర్రను కార్బన్ ఫైబర్‌తో చేస్తున్నారు. సాగదీస్తే 12 అడుగులు, మడిస్తే మూరెడు. బరువు సుమారు 100 గ్రాములు. వానపాముతో పన్లేదు. కొక్కేనికి ఈక, దారం చుట్టిన ఉత్తుత్తి పురుగే ఎర. దాన్నే ఫ్లై అంటారు. బెండు, సీసం గుండు లేవు కాబట్టి ఫ్లైని మోసుకెళ్లేది దారమే. ఆ విసురే అసలు విద్య.

ఇదంతా ఎక్కడ పనికొస్తుందంటారా? కశ్మీర్‌లో సోన్‌మార్గ్ నుంచి నారానాగ్ దాకా సాగే సరస్సుల ట్రెక్‌లో. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి తెచ్చిన ట్రౌట్ చేపల సంతతి విషన్‌సర్, గంగాబల్ సరస్సుల్లో ఉంది. 3,500 మీటర్ల ఎత్తులో వీపు మీది ప్రతి గ్రామూ లెక్కే. కర్ర, దారం చుట్ట, డజను ఫ్లైలున్న చిన్న డబ్బా, గోళ్ల కట్టర్ కలిపితే పావుకిలో దాటదు. రీలున్న కిట్టయితే దీనికి రెట్టింపు. కాకపోతే టెంకారా ఫ్లై ఎక్కువ దూరం వెళ్లదు. సరస్సు మీద గాలి లేస్తే ఇంకా కష్టం. అలాంటప్పుడు నాలుగు ముక్కల 5-వెయిట్ కర్ర, రీలు నయం. మొదటిసారి వెళ్లేవాళ్లు మాత్రం రీలు జోలికి పోకండి. పొద్దున, సాయంత్రం వాగు కలిసే చోట నిలబడండి, ట్రౌట్ ఒడ్డుకే వస్తుంది. మత్స్యశాఖ పర్మిట్ మరవొద్దు.

సాధన ఇంటి దగ్గరే చేయొచ్చు. కొక్కెం తీసేసి ఊలు ముక్క కట్టండి, కాలేజీ గ్రౌండ్‌లో పళ్లెం పెట్టి దాంట్లో పడేలా విసరండి. చెరువులో అయితే ముందు మత్స్యకారుల సంఘాన్ని అడగాలి.

ఇక ఉద్యోగం సంగతి. గాలం ఒక్కటే అన్నం పెట్టదు. గైడ్ పనికి ముందు చూసేది పర్వతారోహణ శిక్షణ. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సు ఉంది, సీట్లు నెలల ముందే నిండిపోతాయి. చేతిలో డబ్బు తక్కువుంటే ముందు ఆ ఫీజు కట్టండి, కర్ర తర్వాత కొనుక్కోవచ్చు. ఈ ట్రెక్ సీజన్ జులై నుంచి సెప్టెంబరు దాకానే. మిగతా నెలలకు ఇంకో పని చూసుకోవాల్సిందే.