ప్లస్ 28, మైనస్ 28

గరివిడి నుంచి ఓ ఇంజినీరింగ్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కోడ్‌ని ఎస్‌జీఐ కంపెనీ 2000లోనే అందరికీ ఇచ్చేసింది కదండీ. లినక్స్ అసలు కెర్నెల్‌లోకి రావడానికి 2002 దాకా ఎందుకు పట్టింది? తెచ్చి కంపైల్ చేస్తే చాలదా?"

చాలదు. ఆ మాటకొస్తే 2002లో వచ్చాక కూడా ఒక పాత అలవాటును అది పన్నెండేళ్లు వదల్లేదు. దాని గురించి చెప్పాలనే నా ఉబలాటమంతా.

ముందు రెండు ముక్కలు. డిస్కులో ఏ గడి ఏ ఫైలుదో లెక్క చూసేది ఫైల్ సిస్టమ్. ప్రోగ్రాములు దాన్ని నేరుగా పలకరించవు. కెర్నెల్‌లోని వీఎఫ్ఎస్ అనే పొర మధ్యలో ఉండి తెరువు, చదువు, రాయి అని అడుగుతుంది. సన్ కంపెనీకి చెందిన స్టీవ్ క్లైమన్ 1986లోనే ఇలాంటి పొరను వివరిస్తూ పత్రం రాశాడు. పొర ఉంది కాబట్టి ఏ ఫైల్ సిస్టమ్‌నైనా ఏ కెర్నెల్‌కైనా తగిలించొచ్చు అనుకున్నవాళ్లంతా బోల్తాపడ్డారు. ఒక్కో కెర్నెల్‌లో ఆ పొర మర్యాదలు ఒక్కోలా ఉంటాయి మరి.

లినక్స్‌లో "రాయి" అన్నదానికి జవాబు ఒకే ఒక్క సంఖ్య. అది ప్లస్ అయితే అన్ని బైట్లు రాశానని, మైనస్ అయితే పని చెడిందని. డిస్కులో చోటు లేకపోవడం తప్పుల పట్టికలో 28వది, కాబట్టి మైనస్ 28 వస్తుంది. ఎక్స్ఎఫ్ఎస్ పుట్టిన ఐరిక్స్‌లో, అంటే ఎస్‌జీఐ సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌లో, తప్పు సంఖ్యను ప్లస్‌గానే పంపేవారు, బైట్ల లెక్క వేరే దారిన వెళ్లేది. ఏ పద్ధతికీ వంక పెట్టలేం. కానీ ఆ ప్లస్ 28 పొరపాటున లినక్స్ వైపు జారితే? "చోటు లేదు" అన్న కబురు కాస్తా "28 బైట్లు రాశాను" అయిపోతుంది! ప్రోగ్రాము నిశ్చింతగా ముందుకెళ్తుంది. కెర్నెల్ కూలదు. కంపైలర్‌కి రెండూ పూర్ణాంకాలే, అది కిక్కురుమనదు.

అందుకే లోపలంతా ప్లస్ ఉంచి, గుమ్మం దగ్గర గుర్తు మార్చేవారు. చిక్కేమిటంటే గుమ్మం ఒకటి కాదు. ఎక్స్ఎఫ్ఎస్ కూడా లినక్స్‌ను ఎన్నో పనులు అడుగుతుంది, అక్కడినుంచి వచ్చే మైనస్‌ని లోపలికి తీసుకునేటప్పుడు మళ్లీ ప్లస్ చేయాలి. ఒకచోట మరిచిపోయినా, ఒకచోట రెండుసార్లు మార్చినా అంతే సంగతులు. చివరికి 2014లో ఎక్స్ఎఫ్ఎస్ నిర్వాహకుడు డేవ్ చిన్నర్ లోపలి గుర్తులన్నీ మైనస్ చేసి, గుమ్మాల దగ్గరి మార్పిళ్లను పీకేశాడు. లినక్స్ 3.17తో అది బయటికొచ్చింది. పేజీలకు పేజీలు చిన్న చిన్న అడ్డగీతలు చేర్చడం, తీసేయడం, అంతే. వాడేవాళ్లకు కొత్త సదుపాయం ఒక్కటీ లేదు. నాకైతే ఇంతకన్నా అందమైన ప్యాచ్ లేదు.

బయటి ఫైల్ సిస్టమ్ కోడ్‌ని లినక్స్‌లోకి తేవడం ఆ తర్వాతా తేలికవలేదు. పారగాన్ కంపెనీ 2020లో విండోస్‌వారి ఎన్‌టీఎఫ్ఎస్ కోసం తన కోడ్‌ని ఒకే ముద్దగా, దాదాపు 27 వేల పంక్తులు పంపింది. ఇంత పెద్దది ఎవరు చదవాలని లినక్స్‌వాళ్లు నిలదీశారు. ముక్కలు చేసి మళ్లీ మళ్లీ పంపితే, 2021 అక్టోబర్‌లో విడుదలైన లినక్స్ 5.15లో చోటు దొరికింది. విండోస్ హార్డ్‌డిస్కులో రాసుకోవడం సులువైందని అందరూ సంబరపడ్డారు. చోటు అయిపోతే ఏం జవాబొస్తుందని అడిగినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు.