ఇనుమునకు మెత్తని కవచము

ఇనుమునకు సహజమైన కాఠిన్యమే దానిపై వస్తువులను భద్రపఱచుకొనువారికి ఆధారమును, భయకారణమును కూడ నగుచున్నది. వీధి చివర వెల్డింగు షాపున యాంగిలర్ బద్దలను, ఊచలను అతికించి చేయించుకొన్న స్టాండు ఎంతటి బరువునైనను మోయగలదు. కాని దానిపై నుంచిన గాజుపళ్ళెము అంచున పెచ్చులూడును, ఉలి పదును మొద్దువాఱును, ఇత్తడి బిందె అడుగున గీతలు పడును. ఇట్టి హానికి ముఖ్యహేతువు బరువు కాదు, ఆ బరువు పడెడి చోటు. గాజుకటకముల నొకదానిపై నొకటి అదిమినపుడు అవి తాకుచోట నెంత వైశాల్యము ఏర్పడునో, అచ్చట నెంత ఒత్తిడి పుట్టునో 1881లో గణితముచే నిర్ణయించినవాడు జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు హైన్‌రిఖ్ హెర్ట్జ్. కఠినమైన రెండు వస్తువులు ఒండొంటిని తాకుచోటు అత్యల్పమగుటచే, స్వల్పమైన బరువు కూడ అచ్చట దుస్సహమైన ఒత్తిడిగా మాఱును. రెంటి నడుమ మెత్తని పొర యొకటి నిలిచినచో అది నొక్కుకొని, తాకెడి వైశాల్యమును పెంచి, బరువును విస్తరింపజేయును.

అట్టి పొరగా నేడు విశేషముగా వాడుకలో నున్నది పీవీసీ, అనగా పాలీవినైల్ క్లోరైడు. దీని పుట్టుక 19వ శతాబ్దమునాటిది. వినైల్ క్లోరైడు అను వాయువును గాజుకుప్పెలో బంధించి ఎండ తగులనిచ్చినచో తెల్లని ఘనపదార్థ మేర్పడునని 1872లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు యూజెన్ బౌమన్ వర్ణించెను గాని, దాని ప్రయోజనము నెవరును ఊహింపలేదు. పిమ్మట నలువదేండ్లకు జర్మనీలోనే ఫ్రిట్జ్ క్లాటె దానిని తయారుచేయు పద్ధతికి పేటెంటు పొందెను. అయితే ఆ పదార్థము పెళుసైనది. అచ్చుపోయుటకై వేడిచేసినచో చక్కగా కరుగుటకు మునుపే విచ్ఛిన్నమై, హైడ్రోజన్ క్లోరైడు అను ఘాటైన ఆమ్లవాయువును వెడలగ్రక్కునది. అందుచే ఆ పేటెంటును నిలుపుకొనుటయే వృథా యని దానిని విడిచిపెట్టిరి.

1926లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రమందలి ఆక్రన్ పట్టణమున, బి. ఎఫ్. గుడ్‌రిచ్ రబ్బరు సంస్థలో చేరిన వాల్డో సెమన్‌కు అప్పగింపబడిన పని వేఱు. లోహపాత్రల లోపల రబ్బరును అతికించుటకు తగిన జిగురు కావలసి యుండెను. గొలుసులవలె పొడవైన పీవీసీ అణువుల నుండి హైడ్రోజన్ క్లోరైడును తొలగింపగలిగినచో మిగిలెడి పదార్థము రబ్బరును లోహముతో బంధింపగలదేమో యని తలచి, ఆతడు ఎవరికిని అక్కఱలేని ఆ తెల్లని పొడిని, మిక్కిలి అధికోష్ణమున గాని మరుగని ద్రవములలో కాచి చూచెను. చల్లారిన పిదప పాత్రలో మిగిలినది జిగురు కాదు. వంచిన వంగి, విడిచిన మరల యథాస్థితికి వచ్చెడి జెల్లీవంటి ముద్ద. అది దేనిని అంటుకొనదు, నీటికి చెక్కుచెదరదు, ఆమ్లములకు లొంగదు. అన్వేషించిన గుణమొక్కటి తక్క తక్కిన సుగుణములన్నియు దానియందు కనబడినవి. కోరినది చేతికి రాలేదని దానిని పాఱబోయక నిలిచి పరికించిన ఆ క్షణమే ఈ కథకు ప్రాణమని నా అభిప్రాయము. 1933 అక్టోబరు 10న సెమన్‌కు పేటెంటు లభించెను. ఆ పదార్థము కోరోసీల్ అను పేర విపణికెక్కి, వానకోట్లుగా, స్నానపుగదుల తెరలుగా ఇండ్లలో ప్రవేశించెను.

మెత్తదనమునకు మూలము సెమన్ పొడిని కాచిన ఆ ద్రవమే. దానిని ప్లాస్టిసైజరు అందురు. దాని అణువులు పీవీసీ గొలుసుల నడుమ జొరబడి, వాని పరస్పరాకర్షణను సడలించి, అవి ఒకదానిపై నొకటి జాఱుటకు వీలు కల్పించును. సెమన్ పొడిని వేడి ద్రవమున కరిగింపగా, తరువాతివారు మిక్కిలి సూక్ష్మమైన పొడిని చల్లని ప్లాస్టిసైజరునందే కలిపి, పెయింటువలె చిక్కగా నుండు ప్లాస్టిసాల్ అను ద్రవమును సిద్ధపఱచిరి. చల్లగా నున్నంతకాలము పొడి పొడిగనే, ద్రవము ద్రవముగనే యుండును. వేడి సోకినంతనే, ఎసటిలో వేసిన సగ్గుబియ్యమువలె, ప్రతి రేణువును చుట్టునున్న ద్రవమును పీల్చి ఉబ్బును. సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వద్ద రేణువుల ఎల్లలు చెఱగి సర్వమును ఏకమగును. చల్లార్చిన పిదప అది మరల ద్రవరూపము దాల్చదు.

గిన్నెల స్టాండునకు ఈ తొడుగు వేయు విధానము దగ్గఱనుండి చూడదగినది. తీగలతో చేసిన ఆ చట్రమును జిడ్డు లేకుండ కడిగి, ఓవెనులో బాగుగ వేడిచేసి, తొట్టిలోని చల్లని ప్లాస్టిసాల్‌లో ముంచుదురు. లోహమునందలి వేడియే తన చుట్టునున్న ద్రవమును గడ్డకట్టించుకొనును. మందమైన ఊచ ఎక్కువ వేడిని దాచుకొనును గనుక దానిపై పొర దళసరిగను, సన్నని తీగపై పలుచగను ఏర్పడును. ఎంతసేపు ముంచి యుంచిరో అంతకు తగినట్లు పొర పెరుగును. ఆ మీదట చట్రమును మెల్లగా, ఒకే వేగమున పైకి తీయవలెను. తొందరపడినచో ధారలు కట్టి అడుగున బొట్లు నిలిచిపోవును. పిదప రెండవమాఱు ఓవెనులో నుంచి, లోపలివఱకును రేణువులు ఏకమగునట్లు కాల్తురు. ఈ కాల్పు చాలనిచో తొడుగు చూపునకు నిండుగనే యుండి, గోటితో గిల్లినంతనే ముక్కలుగ ఊడివచ్చును.

జిగురు కొఱకై వెదకగా లభించిన ఈ పదార్థమునకు, తాను లోహమును పట్టుకొనుటకై వేఱొక జిగురు కావలసివచ్చెను. ప్రైమరు అను ఆ జిగురును పూయకున్నను ప్లాస్టిసాల్ ఊచను చుట్టి బిగుసుకొనును. పటకారు పిడికి ఆ మాత్రము చాలును. కాని నిత్యము తడి తగులు చట్రమున, తీగ కొన కత్తిరింపబడిన చోట పొర పలుచబడి చిట్లి, ఆ సందున నీరు దూఱి, లోహమునకును తొడుగునకును నడుమ తుప్పు ప్రాకును. పైకి తెల్లగ మెఱయుచుండిన స్టాండు లోలోపల శిథిలమగుట అనేక గృహములందు చూచుచునే యున్నాము. ప్రైమరు పూసిన ఇనుముపై ఆ తుప్పు అంత సులభముగ ముందునకు సాగదు.

ఇక ఈ మెత్తదనమునకు చెల్లింపవలసిన మూల్యమును గూర్చి చెప్పవలెను. గొలుసుల నడుమ చేరిన ప్లాస్టిసైజరు వానితో రసాయనికముగ బంధింపబడినది కాదు. కావున ఏండ్లు గడచినకొలది మెల్లగా వెలికి వచ్చును. నైట్రోసెల్యులోజు వార్నీషు పూసిన గిటారును పీవీసీ తొడుగుగల స్టాండుపై నెలలతరబడి ఉంచినచో, తాకిన మేర వార్నీషు మెత్తబడి మచ్చపడుట వాద్యకారులకు తెలిసిన సంగతి. ఇంకను గంభీరమైన విషయ మొకటి కలదు: పాతబడిన పీవీసీ తనంతట తానే హైడ్రోజన్ క్లోరైడును విడువసాగును. ఆనాడు సెమన్ బలవంతముగ వెడలగొట్టదలచిన ఆ వాయువే, మూసియున్న బీరువాలో నిదానముగ వెడలి, వెండిని, కంచును తినివేయును. పదార్థముల ఇట్టి స్వభావమును ముందుగ తెలిసికొనుటకై బ్రిటిష్ మ్యూజియమునకు చెందిన ఆండ్రూ ఆడీ 1973లో ఒక పరీక్షను ప్రకటించెను. నేడు వాడుకలోనున్న రూపమున, పరీక్షింపవలసిన పదార్థమును వెండి, సీసము, రాగి రేకులతో కలిపి తేమగల మూతపాత్రలో 60 డిగ్రీల వద్ద 28 దినములు ఉంచి, ఏ రేకు నల్లబడెనో, ఏది బూజువంటి పొర కట్టెనో చూతురు. మ్యూజియములలో ఇనుప అరలపై పీవీసీకి మాఱుగ పాలీఎథిలీను నురుగుపలకలను పఱచుటకు కారణమిదియే. తయారీయందును ఒక మూల్యము కలదు: 1974లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమందలి గుడ్‌రిచ్ కర్మాగారమున వినైల్ క్లోరైడు వాయువు పీల్చిన కార్మికులకు అరుదైన కాలేయపు క్యాన్సరు సోకినట్లు వెల్లడి యయ్యెను. పూర్తియైన తొడుగును తాకువాని కది భయము కాదు. కాని దానిని తయారుచేసిన చేతుల కథను విడిచి వస్తువు కథను మాత్రమే చెప్పుట న్యాయము కాదు.

ద్రవము లేకయే తొడుగు వేయు మార్గము 1950 దశకమున జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ కనుగొన్నది. సూక్ష్మరంధ్రములుగల అడుగుపలక గుండ పైకి గాలి ఊదగా తొట్టిలోని పొడి ద్రవమువలె కదలాడును. వేడి లోహమును అందు ముంచినచో పొడి కరగి అంటుకొనును. ఈ పద్ధతిలో వాడు పొడులలో నైలాన్-11 ఒకటి. ఇది ఆముదము నుండి తయారగును. పాలమూరు, నల్లగొండ మెట్టభూములలో పండెడి ఆముదపుగింజకు గిన్నెలు కడుగు యంత్రపు ఇనుపబుట్టతో ఇట్టి చుట్టరికము కలదన్నమాట. పీవీసీయంత మెత్తన కాకున్నను, వేడినీటికిని గీతలకును ఇది చక్కగా ఓర్చును.

ఇంటివద్ద స్వయముగ పూయదలచినవారికి, ఓవెను అవసరము లేక గాలికి ఆఱెడి రబ్బరు పూతలు డబ్బాలలో దొరకును. వాని ద్రావణుల ఆవిరి నిప్పంటుకొనునది గనుక ఆరుబయట పూయవలెను. మొదట తీగకొనలను ఆకురాయితో గుండ్రముగ అరుగదీసి, తుప్పును ఎమరీ కాగితముతో పోగొట్టి, ప్రైమరు ఆఱిన పిదప పలుచని పూతలుగ వేయుట మేలు. తొడుగు ఏదైనను వెల్డింగు పని యంతయు అంతకుముందే ముగియవలెను. తరువాత తప్పనిసరియైనచో అతుకువద్ద నుండి జానెడు మేర తొడుగును చాకుతో గీకి తీసిన గాని మంట తగులనీయరాదు, ఏలయన కాలిన పీవీసీ విడిచెడిది ఆ ఘాటైన ఆమ్లవాయువునే.